పత్తిగింజ నుంచి క్యాన్సర్ కణం వరకు: ఆర్‌ఎన్‌ఏ-బంధక ప్రోటీన్లపై మైక్రో ఆర్‌ఎన్‌ఏల అదుపు

పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు ప్రాంతాల నల్లరేగడి భూములలో పండిన పత్తి జిన్నింగు మిల్లుకు చేరిన తరువాత దూది ఒక దారిన, గింజ మరొక దారిన పోతాయి. ధర దూదికే ఎక్కువైనా తూకంలో పెద్దవాటా గింజదే. కిలో దూదికి కిలోన్నరకు పైగా గింజ వస్తుంది. గింజను ఆడించగా నూనె పోను మిగిలిన చెక్క పాడిగేదెల దాణాలోకి చేరుతుంది. ఆ గింజను అడ్డంగా కోసి చూసినట్లయితే పప్పులో నల్లని చుక్కలు కనిపిస్తాయి. అవి గాసిపాల్ అనే పసుపుపచ్చని పదార్థాన్ని నింపుకొన్న గ్రంథులు. పురుగుల నుంచి తనను కాపాడుకొనేందుకు పత్తిమొక్క తయారుచేసుకొనే విషమది.

ఈ గాసిపాల్ 2015లో క్యాన్సర్ జీవశాస్త్రంలో కొత్త సందర్భంలో ప్రస్తావనకు వచ్చినది. పెద్దపేగు క్యాన్సర్ కణాలలో అధికంగా ఉండే ముసాషి-1 అనే ప్రోటీన్‌కు అది అంటుకొని, ఆ ప్రోటీన్ తన పని చేయకుండా అడ్డుపడుతున్నదని అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. ముసాషి-1 ఒక ఆర్‌ఎన్‌ఏ-బంధక ప్రోటీన్. ఆరోగ్యవంతమైన కణం దీనిని అదుపులో ఉంచుకొనేందుకు మైక్రో ఆర్‌ఎన్‌ఏలనే అతిచిన్న అణువులను వినియోగిస్తుంది. ఈ అదుపు ఎట్లా నడుస్తుందో, ఎక్కడ తప్పుతుందో తెలిస్తేనే గాసిపాల్ గురించిన వార్తకు ఎంత విలువ ఇవ్వవలెనో తెలుస్తుంది.

కాలువ, లాకు, లస్కరు

జన్యువులోని సమాచారం మొదట వార్తాహర ఆర్‌ఎన్‌ఏగా నకలు చేయబడుతుంది. ఆ నకలు కేంద్రకం నుంచి బయటకు వచ్చి రైబోజోమ్‌ల వద్ద ప్రోటీన్‌గా అనువదింపబడుతుంది. పాఠ్యపుస్తకాలలో ఇంతవరకే చెప్పడం పరిపాటి. కాని జలాశయంలో నీరున్నంత మాత్రాన కాలువ చివరి భూములు తడవవని ఈ ప్రాంతపు రైతుకు వేరే చెప్పనవసరం లేదు. నడుమ ఎన్ని లాకులున్నవి, ఏ లస్కరు ఏ తలుపును ఎంత ఎత్తినాడు, ఎంత దించినాడు అన్నదానిపై పంట ఆధారపడుతుంది. కణంలోనూ అంతే. జన్యువు నుంచి నకలు బయలుదేరిన తరువాత అది ఎంతకాలం నిలుస్తుంది, ఎన్నిమార్లు అనువాదమవుతుంది, ఎప్పుడు ముక్కలవుతుంది అన్నవి వేరే అధికారుల చేతిలో ఉంటాయి. ఆ అధికారులు ముఖ్యంగా రెండు తెగలవారు: మైక్రో ఆర్‌ఎన్‌ఏలు, ఆర్‌ఎన్‌ఏ-బంధక ప్రోటీన్లు.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ సుమారు 22 న్యూక్లియోటైడ్ల పొడవు గల పోగు. అది ఏ ప్రోటీన్‌నూ తయారుచేయదు. ఆర్గోనాట్ అనే ప్రోటీన్‌లో ఇమిడి, తనకు జోడు కుదిరే వరుస ఏ వార్తాహర ఆర్‌ఎన్‌ఏ తోకభాగంలో ఉన్నదో వెదకి, అక్కడ అతుక్కొని అనువాదాన్ని తగ్గిస్తుంది. క్రమంగా ఆ నకలును శిథిలం చేయిస్తుంది. జంతుకణాలలో ఈ జోడు పూర్తిగా కుదరవలసిన పని లేదు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ మొదటి కొసన రెండవ స్థానం నుంచి ఎనిమిదవ స్థానం వరకు గల బీజభాగం సరిపోతే చాలు. అందువల్లనే ఒక్క మైక్రో ఆర్‌ఎన్‌ఏ వందలకొద్దీ జన్యువుల దిగుబడిని కొద్దికొద్దిగా తగ్గించగలదు. మొక్కలలో పద్ధతి కొంత వేరు. అక్కడ జోడు దాదాపు పూర్తిగా కుదురుతుంది. కుదిరినచోట వార్తాహర ఆర్‌ఎన్‌ఏ తెగిపోతుంది.

ఆర్‌ఎన్‌ఏ-బంధక ప్రోటీన్లు రెండవ తెగ. మానవ జన్యుసముదాయంలో ఇటువంటివి సుమారు 1,500 ఉన్నట్లు 2014 నాటి లెక్క. ఇవి వార్తాహర ఆర్‌ఎన్‌ఏను పట్టుకొని కొన్నిటిని నిలబెడతాయి, కొన్నిటిని అనువాదానికి పంపుతాయి, మరికొన్నిటిని ఆపుతాయి. ఈ ప్రోటీన్లు కూడ ఏదో ఒక జన్యువు నుంచి, ఏదో ఒక వార్తాహర ఆర్‌ఎన్‌ఏ ద్వారా పుట్టవలసినవే కదా. కనుక వాటి నకళ్లపై మైక్రో ఆర్‌ఎన్‌ఏలకు అధికారం ఉంటుంది. ఒక మామూలు ప్రోటీన్ తగ్గితే ఆ ఒక్క పని తగ్గుతుంది. ఒక ఆర్‌ఎన్‌ఏ-బంధక ప్రోటీన్ తగ్గితే అది నడిపించే అనేక నకళ్ల నడక మారుతుంది. పిల్లకాలువ తూము వేరు, ప్రధాన కాలువ లాకు వేరు.

నులిపురుగులో తెలిసిన సంగతి

ఈ సంబంధం మైక్రో ఆర్‌ఎన్‌ఏల చరిత్ర ఆరంభం నుంచే ఉన్నది. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ 1993లో సీనోరాబ్డైటిస్ ఎలిగన్స్ అనే చిన్న నులిపురుగులో లిన్-4 అనే మొదటి మైక్రో ఆర్‌ఎన్‌ఏ సంగతి బయటపెట్టారు. చాలాకాలం అది ఆ పురుగుకే పరిమితమైన వింతగా భావింపబడినది. వీరిద్దరికి 2024లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది. లిన్-4 అదుపు చేసే రెండవ జన్యువు లిన్-28 అని 1997లో తేలినది. ఈ లిన్-28 తయారుచేసేది ఒక ఆర్‌ఎన్‌ఏ-బంధక ప్రోటీన్‌నే.

పురుగు ఎదుగుదలలో ఏ దశ తరువాత ఏ దశ రావలెనో నిర్ణయించే ఈ లిన్-28 మానవునిలోనూ ఉన్నది. పిండదశలో అది పుష్కలంగా ఉండి, కణాలు విభేదనం చెందే కొద్దీ తగ్గిపోతుంది. లెట్-7 అనే మరొక మైక్రో ఆర్‌ఎన్‌ఏ దీనికి ప్రత్యర్థి. లెట్-7 లిన్-28 నకలుపై కూర్చొని దానిని తగ్గిస్తుంది. లిన్-28 ప్రోటీన్ ఊరుకోదు. లెట్-7 ఇంకా పూర్తిగా తయారుకాక మెలిక రూపంలో ఉన్నప్పుడే ఆ మెలికను పట్టుకొని, దాని కొసకు యూరిడిన్లను చేర్పించి, నాశనానికి అప్పగిస్తుంది. ఒకటి పెరిగితే రెండవది తగ్గవలసిందే. మధ్యస్థితి నిలకడగా ఉండదు. ఎదిగిన కణంలో లెట్-7ది పైచేయి. అక్కడ అది రాస్, మిక్, హెచ్‌ఎంజీఏ-2 వంటి కణవిభజనను పురిగొల్పే జన్యువులను అణచి ఉంచుతుంది.

ఊపిరితిత్తుల క్యాన్సర్ కణితులలో లెట్-7 తగ్గి ఉన్నదని 2004లో, రాస్ జన్యువు దాని అదుపులో ఉన్నదని 2005లో వెల్లడైనది. లిన్-28 తిరిగి తలెత్తిన కణితులు అనేక అవయవాలలో కనిపించాయి. 2009లో వెలువడిన ఒక పరిశీలన మానవ కణితులలో సుమారు 15 శాతం ఇటువంటివని అంచనా కట్టినది. ఇక్కడ గమనింపదగినది ఒకటి ఉన్నది. లిన్-28 జన్యువులో లోపం ఏర్పడవలసిన అవసరం లేదు. ఆ పోరులో త్రాసు ఒకవైపు మొగ్గితే చాలు, పిండదశకు చెందిన కార్యక్రమం ఎదిగిన కణంలో తిరిగి మొదలవుతుంది. క్యాన్సర్ అంటే జన్యువులు చెడిపోవడమే అన్న పాత అవగాహనకు ఇది ముఖ్యమైన సవరణ.

ముసాషి

జపానులో రెండు కత్తులతో పోరాడిన పదిహేడవ శతాబ్దపు యోధుడు మియామోతో ముసాషి. పండ్లఈగపై పరిశోధన చేస్తున్న శాస్త్రవేత్తలు 1994లో ఒక జన్యువుకు ఆయన పేరు పెట్టారు. ఆ జన్యువు లోపించిన ఈగ శరీరంపై ఒక్క రోమం ఉండవలసిన చోట రెండు రోమాలు జంటగా నిలిచి కనిపించినందున ఆ పేరు తగినదనిపించినది. శాస్త్రనామాల వెనుక ఇటువంటి చమత్కారం అప్పుడప్పుడు ఉంటుంది.

మానవునిలోని ముసాషి-1 మూలకణాలలో ఉండే ప్రోటీన్. నంబ్ అనే మరొక ప్రోటీన్ తాలూకు వార్తాహర ఆర్‌ఎన్‌ఏను పట్టుకొని దాని అనువాదాన్ని ఇది ఆపుతుంది. నంబ్ పని నాచ్ అనే సంకేతమార్గాన్ని అణచడం. నంబ్ తగ్గితే నాచ్ చురుకవుతుంది. కణం విభేదనం చెందక విభజన చెందుతూనే ఉంటుంది. మెదడు, పెద్దపేగు, రొమ్ము కణితులలో ముసాషి-1 ఎక్కువగా ఉన్నట్లు అనేక పరిశీలనలు తెలిపాయి.

ఇది ఎందుకు ఎక్కువవుతున్నది? జన్యువు తానే అధికంగా పనిచేయడం ఒక కారణం కావచ్చు. కాని 2011లో మెదడు కణితులపై జరిగిన పరిశోధన మరొక కారణం చూపినది. ముసాషి-1 వార్తాహర ఆర్‌ఎన్‌ఏకు పొడవైన తోకభాగం ఉన్నది. ఆ తోకపై మిర్-34ఏ, మిర్-101, మిర్-128, మిర్-137, మిర్-138 అనే ఐదు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు దిగగలవు. ఇవన్నీ కణితిని నిరోధించేవిగా పేరుపడినవే. కణితులలో ఇవి తగ్గిపోతాయి. తలుపు దించే లస్కర్లు లేని లాకు వలె ముసాషి ప్రవాహం పెరుగుతుంది. ఈ మైక్రో ఆర్‌ఎన్‌ఏలను ప్రయోగశాలలో కణాలకు తిరిగి అందించినప్పుడు ముసాషి-1 తగ్గినది, కణాల పెరుగుదల మందగించినది. పెద్దపేగు క్యాన్సర్ విషయంలో మిర్-137కు, ముసాషి-1కు ఇదే విధమైన విలోమసంబంధం ఉన్నదని 2015లో మరొక పరిశోధన చూపినది. మిర్-137ను తిరిగి చేర్చిన క్యాన్సర్ కణాలు ప్రయోగశాల పాత్రలలోనూ, చిట్టెలుకలలోనూ మెల్లగా పెరిగాయి.

ఒకే సారి ఐదు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఒక ప్రోటీన్‌ను కాపలా కాయడం దుబారా కాదు. ఒక్కొక్కటి తగ్గించేది స్వల్పమే. కలిసి పనిచేసినప్పుడే అదుపు బలపడుతుంది. దీనికి మరొక ముఖం కూడ ఉన్నది. వాటిలో ఒక్కదానిని మందుగా ఇచ్చినంత మాత్రాన పూర్వస్థితి వస్తుందని ఆశించరాదు.

రెండు వైపులా పదునున్న హెచ్‌యుఆర్

ఇంతవరకు చెప్పినది ఒకే దిశ: మైక్రో ఆర్‌ఎన్‌ఏ పైన, ప్రోటీన్ క్రింద. నిజానికి రెండూ ఒకే తోకభాగంలో చోటుకోసం పోటీపడతాయి. హెచ్‌యుఆర్ అనే ప్రోటీన్ ఇందుకు చక్కని ఉదాహరణ. అడినైన్, యూరాసిల్ అధికంగా గల వరుసలను ఇది పట్టుకొని, త్వరగా నశించవలసిన వార్తాహర ఆర్‌ఎన్‌ఏలను నిలబెడుతుంది. కణితికి కొత్త రక్తనాళాలను రప్పించే పెరుగుదల కారకం, వాపును పెంచే కాక్స్-2 ఎంజైమ్ ఇట్లా నిలబడేవాటిలో ఉన్నాయి. హెచ్‌యుఆర్‌ను మిర్-519 తగ్గిస్తుందని 2008లో కనుగొన్నారు. కణితులలో మిర్-519 తగ్గి, హెచ్‌యుఆర్ పెరిగి ఉన్నట్లు తరువాత గమనించారు.

అంతకు రెండేళ్ల ముందే స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో విటోల్డ్ ఫిలిపోవిచ్ ప్రయోగశాలలో సువేంద్రనాథ్ భట్టాచార్య తదితరులు ఇందుకు విరుద్ధమైన దిశను చూపారు. కాలేయకణంలో మిర్-122 ఒక వార్తాహర ఆర్‌ఎన్‌ఏను అణచి ఉంచుతుంది. కణానికి అమైనో ఆమ్లాల కొరత ఏర్పడినప్పుడు హెచ్‌యుఆర్ వచ్చి అదే తోకపై కూర్చొంటుంది. మిర్-122 అణచివేత తొలగి, ఆగిన అనువాదం మళ్లీ సాగుతుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ విధించిన శిక్ష శాశ్వతం కాదని, ఒత్తిడి వేళ దానిని రద్దు చేయవచ్చని మొదటిసారిగా స్పష్టమైనది. వింత ఏమంటే, మిక్ జన్యువు విషయంలో అదే హెచ్‌యుఆర్ లెట్-7ను పిలిచి తెచ్చి అణచివేతకు తోడ్పడుతుందని 2009లో తేలినది. ఒకే లస్కరు ఒక లాకును ఎత్తుతూ, మరొక లాకును దించుతూ ఉంటాడన్న మాట. కనుక ఏ ప్రోటీన్‌కైనా క్యాన్సర్ కారకమనో, క్యాన్సర్ నిరోధకమనో శాశ్వతమైన ముద్ర వేయడం తొందరపాటు. ఏ కణంలో, ఏ నకలుపై, ఏ మైక్రో ఆర్‌ఎన్‌ఏ ప్రక్కన అన్నది చూడకుండా తీర్పు చెప్పలేము.

ఈ జ్ఞానాన్ని మందుగా మార్చే ప్రయత్నం అనుకొన్నంత సులువుగా సాగలేదు. మిర్-34ఏ నమూనాను కొవ్వు గుళికలలో ఉంచి రోగులకు ఇచ్చిన తొలి ప్రయోగం, తీవ్రమైన రోగనిరోధక ప్రతిచర్యలు ఏర్పడినందున 2016లో ఆగిపోయినది. అణువు సరైనదే కావచ్చు. దానిని కణితికి మాత్రమే చేర్చే దారి ఇంకా దొరకలేదు.

గాసిపాల్ ఎక్కడ తగులుతున్నది

మైక్రో ఆర్‌ఎన్‌ఏను కణంలోకి చేర్చడం కష్టమైనప్పుడు, అది అదుపు చేయవలసిన ప్రోటీన్‌నే ఒక చిన్న రసాయనంతో అడ్డగించడం రెండవ మార్గం. ముసాషి-1కు ఆర్‌ఎన్‌ఏను పట్టుకొనే గుంట ఒకటి ఉన్నది. ఆ గుంటలో ఇమడగల పదార్థం కోసం వెదకినప్పుడు వామావర్త గాసిపాల్ బయటపడినది. అది ముసాషి-1ను పట్టుకోగానే నంబ్ ఆర్‌ఎన్‌ఏ విడుదలవుతుంది. పెద్దపేగు క్యాన్సర్ కణాల పెరుగుదల పాత్రలలోనూ, ఆ కణాలను ఎక్కించిన చిట్టెలుకలలోనూ తగ్గినది. మిర్-137 నకలు దశలో చేసే పనిని గాసిపాల్ ప్రోటీన్ దశలో చేస్తున్నదని చెప్పవచ్చు.

గాసిపాల్ రెండు రూపాలలో, కుడిఎడమ చేతుల వలె ఉంటుంది. చురుకైనది వామావర్త రూపం. విషప్రభావం ఎక్కువైనది కూడ అదే. మన పొలాలలో అధికంగా సాగయ్యే హిర్సూటమ్ జాతి గింజలలో దక్షిణావర్త రూపం పాలు ఎక్కువ. బార్బడెన్స్ జాతి రకాలలో వామావర్త రూపం ఎక్కువగా ఉండడం సామాన్యం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పత్తిగింజలో క్యాన్సర్‌కు మందున్నదన్న మాట ఈ ప్రాంతంలో పుట్టితే అది ప్రాణాలకు ముప్పు తేగలదు. గాసిపాల్ ముసాషినే కాదు, కణమరణాన్ని ఆపే బీసీఎల్-2 కుటుంబపు ప్రోటీన్లను కూడ పట్టుకొంటుంది. ఇంకా అనేక ఎంజైములకు అడ్డుపడుతుంది. శుద్ధి చేసిన వామావర్త గాసిపాల్‌ను ప్రోస్టేటు, ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూసిన ప్రయోగాలలో ఆశించిన మేలు కనబడలేదు. కొందరిలో చిన్నప్రేగు స్తంభించినది. చైనాలో 1950లలో శుద్ధి చేయని పత్తిగింజల నూనెను వంటకు వాడిన గ్రామాలలో సంతానలేమి ఏర్పడడంతో గాసిపాల్ ప్రభావం తొలిసారిగా గుర్తింపబడినది. దానిని పురుషుల గర్భనిరోధకంగా 1970లలో 8,000 మందికి పైగా పరీక్షించగా, రక్తంలో పొటాషియం తగ్గడం, కొందరిలో సంతానశక్తి తిరిగి రాకపోవడం బయటపడి ఆ ప్రయత్నం విరమింపబడినది. చిట్టెలుకలో కణితిని తగ్గించిన అణువు మనిషికి మందయ్యేలోగా దాటవలసిన దూరం ఎంతో దీనివల్ల తెలుస్తున్నది.

వంటనూనె విషయంలో భయపడవలసిన పని లేదు. క్షారంతో శుద్ధి చేసేటప్పుడు గాసిపాల్ తొలగిపోతుంది. చెక్కలో మిగిలినదానిలో కొంత వేడికి ప్రోటీన్‌తో బంధింపబడి నిరపాయకరమవుతుంది. స్వేచ్ఛగా మిగిలిన భాగమే హానికరం. పెద్ద గేదెల మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు దానిని చాలామేరకు బంధిస్తాయి. దూడలకు ఆ శక్తి ఇంకా రాదు. పందులు, కోళ్లకు అసలు లేదు. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో పత్తిచెక్క ఎక్కువైతే నిలవ ఉంచిన గుడ్ల సొన ఆకుపచ్చ రంగుకు తిరుగుతుంది. దాణాలో ఫెర్రస్ సల్ఫేట్ కలిపితే ఇనుము గాసిపాల్‌ను పట్టుకొంటుంది.

అదే యంత్రాంగం, పత్తిమొక్కలో

గాసిపాల్ లేని పత్తి కావలెనన్న కోరిక పాతదే. గ్రంథులు లేని పత్తిరకాలు 1950లలోనే అమెరికాలో రూపొందాయి. అయితే ఆకు, మొగ్గ, గింజ అన్నిటా విషం పోయినందున పురుగులు, ఎలుకలు ఆ పంటను బ్రతకనీయలేదు. తెల్లదోమ, పచ్చపురుగు దాడికి 1987-88లో పంట పోయి రైతులు ప్రాణాలు తీసుకొన్న ప్రకాశం, గుంటూరు జిల్లాలలో అటువంటి రకాన్ని ఎవరూ అడుగరు.

ఈ చిక్కును విడదీసినది క్యాన్సర్ కణంలో మనం చూసిన యంత్రాంగమే. రెండుపోగుల ఆర్‌ఎన్‌ఏతో జన్యువును మూగబోయేట్లు చేయవచ్చని ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో 1998లో కనుగొన్నారు. 2006లో నోబెల్ బహుమతి పొందారు. ఆ పోగు చిన్నముక్కలై ఆర్గోనాట్‌లో ఇమిడి, మైక్రో ఆర్‌ఎన్‌ఏ వలెనే పనిచేస్తుంది. టెక్సాస్‌లో కీర్తి రాథోర్ బృందం డెల్టా-క్యాడినీన్ సింథేజ్ అనే ఎంజైమ్ జన్యువును ఈ పద్ధతిలో గింజలో మాత్రమే అణచినది. గింజలో గాసిపాల్ బాగా తగ్గినది. ఆకులలో, మొగ్గలలో యథాతథంగా ఉండి మొక్కకు రక్షణ మిగిలినది. ఈ ఫలితం 2006లో ప్రచురితమైనది. అమెరికా వ్యవసాయ శాఖ 2018లో సాగుకు, ఆహార ఔషధ సంస్థ 2019లో ఆహారంగా వాడేందుకు అనుమతించాయి. అక్కడ ఆహారంలో స్వేచ్ఛా గాసిపాల్ పరిమితి పది లక్షల పాళ్లలో 450 పాళ్లు. ఈ గింజ ఆ పరిమితికి లోబడి ఉన్నది.

మొక్కలు కూడ తమ ఆర్‌ఎన్‌ఏ-బంధక ప్రోటీన్లను మైక్రో ఆర్‌ఎన్‌ఏలతో అదుపు చేసుకొంటాయి. ఆర్గోనాట్-1 స్వయంగా ఆర్‌ఎన్‌ఏను పట్టుకొనే ప్రోటీనే. దానిని మిర్-168 తగ్గిస్తుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏను మోసే వాహనంపై మైక్రో ఆర్‌ఎన్‌ఏకే అధికారమన్న మాట. కొన్ని మొక్కల వైరస్‌లు ఈ మిర్-168ను పెంచి, ఆర్గోనాట్-1ను తగ్గించి, మొక్క రక్షణను బలహీనపరుస్తాయి. పత్తిమొక్క మిర్-159, మిర్-166 అనే వాటిని వెర్టిసిలియమ్ ఎండుతెగులు శిలీంధ్రంలోకి పంపి, దాని రోగకారక జన్యువులను అణచుతుందని 2016లో తెలిసినది.

మరి మనిషి తిన్న మొక్కల మైక్రో ఆర్‌ఎన్‌ఏలు మనిషి జన్యువులను శాసిస్తాయా? వరిలోని మిర్-168ఏ మనుషుల రక్తంలో కనిపించినదని, చిట్టెలుకల కాలేయంలో ఒక జన్యువును అణచినదని 2012లో ఒక బృందం ప్రకటించగా పెద్ద సంచలనం కలిగినది. ఇతర ప్రయోగశాలలు తిరిగి చేసి చూసినప్పుడు ఆహారం నుంచి రక్తంలోకి చేరినది లెక్కకు రానంత స్వల్పమని తేలినది. కొన్ని చోట్ల కనిపించినది కలుషితం వల్ల వచ్చినదేమోనన్న అనుమానం కూడ కలిగినది. మిరపకాయలోనో, పత్తినూనెలోనో ఉన్న మైక్రో ఆర్‌ఎన్‌ఏ ముసాషిని అణచివేస్తుందని చెప్పేందుకు ఆధారం లేదు. పర్చూరు ప్రాంతపు పత్తిగింజకు, క్యాన్సర్ కణానికి మధ్య నేటికి తెలిసిన సంబంధం పప్పులోని ఆ నల్లని చుక్కలలోని పదార్థం ద్వారానే. ఆ పదార్థంలో ముసాషిని పట్టుకొనే గుణాన్ని ఉంచి, పొటాషియంను, సంతానశక్తిని, ప్రేగును దెబ్బతీసే గుణాన్ని తొలగించిన ఉత్పన్నాల కోసం రసాయనశాస్త్రజ్ఞులు ఇంకా వెదకుతూనే ఉన్నారు.